పచ్చి బాలింతను నడవనివ్వండి

సిజేరియన్ అయి ఇంటికొచ్చిన బాలింతను చూడ్డానికి హైదరాబాద్‌లో ఏ ఇంటికి వెళ్లినా దాదాపు ఇదే మాట వినిపిస్తుంది: "పచ్చి బాలింత, మంచం దిగనివ్వకండి." చెవుల్లో దూది, మూసిన కిటికీ, పొట్ట పెరుగుతుందని సగం గ్లాసు నీళ్లు. అమ్మలు, అత్తమ్మలు ప్రేమతోనే చేస్తారు. కానీ కదలిక, నీళ్లు రెండూ తగ్గితే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా శరీరం ముందే సిద్ధమవుతుంది. గర్భంతో ఉన్నప్పుడే ఫైబ్రినోజెన్ లాంటి గడ్డకట్టించే పదార్థాలు పెరుగుతాయి, గడ్డను ఆపే ప్రోటీన్ ఎస్ తగ్గుతుంది. పైగా పెరిగిన గర్భసంచి సిరలను నొక్కుతుంది. ఎడమ కాలి నుంచి పైకొచ్చే సిర మీదుగా కుడి కాలికి వెళ్లే ధమని దాటుతుంది కాబట్టి ఆ సిరకు రెండు వైపుల ఒత్తిడి. గర్భిణుల్లో గడ్డలు ఎక్కువగా ఎడమ కాలిలోనే కనబడేది అందుకే. 1000 మందిలో ఒకరిద్దరికే వచ్చినా, గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం పోవచ్చు.

కాన్పుతో ఈ ముప్పు తీరిపోదు. రోజుల లెక్కన చూస్తే, కాన్పు తర్వాతి 6 వారాల్లోనే ఎక్కువ. సిజేరియన్ అయితే మరీనూ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అందుకే ఈ విషయం మన ఇళ్లలో గట్టిగా మాట్లాడుకోవాలనిపిస్తుంది.

డాక్టర్ ఒప్పుకున్న వెంటనే లేచి నాలుగడుగులు వేయాలి, దాహానికి తగినంత నీళ్లు తాగాలి. గతంలో గడ్డకట్టినవారు, రక్తసంబంధీకుల్లో ఆ సమస్య ఉన్నవారు మొదటి చెకప్‌లోనే చెప్పాలి. అవసరమైతే రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ రకం ఇంజెక్షన్లు ఇస్తారు. రోజూ పొట్ట మీద సూది అంటే టెన్షన్ సహజమే. అయితే ఆ మందు మాయ దాటి బిడ్డకు చేరదు, పాలిచ్చే తల్లికీ ఇవ్వొచ్చు.

సాయంత్రానికి రెండు పాదాలూ కాస్త వాచడం మామూలే. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే ఆరోజే చూపించాలి. సిరలో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్ కూడా అల్ట్రాసౌండే, కడుపులో బిడ్డ ఉన్నా చేయొచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.