మన్యంలో పశుపోషణ: అపోహలు, వాస్తవాలు

పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాల్లో పనిచేసే పశువైద్యునిగా, గిరిజన రైతుల గురించి నేను తరచూ వినే కొన్ని మాటలు వారికి మేలు చేయవలసిన పథకాలనే దారి తప్పిస్తున్నాయని గమనించాను.

అపోహ: నాటుకోళ్లకు బదులు మేలుజాతి కోళ్లు ఇస్తే ఆదాయం పెరుగుతుంది.

వాస్తవం: నాటుపెట్ట ఏడాదికి సుమారు 40 నుంచి 60 గుడ్లే పెట్టినా, వాటిని తానే పొదిగి, గద్దల నుంచి పిల్లలను కాచుకుంటూ మేపుకొస్తుంది. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా అనే మేలుజాతి కోడి అంతకంటే ఎక్కువ గుడ్లు పెడుతుంది గానీ, దానికి పొదుగుడు గుణం దాదాపు లేనందున, ఆ విడత కోళ్లు అయిపోగానే పిల్లల కోసం కుటుంబం మళ్లీ బయటివారి వైపు చూడవలసి వస్తుంది. అసలు నష్టం జాతి వల్ల కాదు, చావుల వల్ల జరుగుతోంది. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ రోగం) సోకితే కొద్ది రోజుల్లోనే గూడెంలోని కోళ్లలో చాలా భాగం పోతాయి. మొదటి వారంలో పిల్లల కంట్లో గాని ముక్కులో గాని ఈ తెగులుకు వాడే లసోటా టీకా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌2బీ టీకా సూది వేస్తే ఈ చావులు చాలావరకు ఆగుతాయి. అయితే టీకాను చల్లదనం పోకుండా కొండపైకి చేర్చాలి, కలిపిన మందును రెండు గంటల్లోపే వాడాలి, అదీ కోళ్లను మేతకు వదలకముందే జరగాలి. కనుక ముందురోజు రాత్రి గూడెంలోనే ఉండగల టీకా కార్యకర్తను తయారు చేయడం కొత్త జాతిని పంచడం కంటే ముఖ్యమని నా అభిప్రాయం.

అపోహ: పాడి ఆవు ఏ కుటుంబానికైనా మేలే.

వాస్తవం: ఈ కొండల్లోని అనేక తెగల్లో ఆవు పాలు దూడకే చెందుతాయి, పశువులు దున్నకానికి, ఎరువుకు. అలాంటి కుటుంబానికి పాల కోసం ఆవును ఇస్తే పెద్దగా ఉపయోగం ఉండదు.

అపోహ: మేకలను అయినకాడికి అమ్మేస్తారు, వీరికి లెక్క తెలియదు.

వాస్తవం: విత్తనాలకో, వైద్యానికో డబ్బు కావలసినప్పుడు అమ్మడానికే ఆ మేకను పెంచుతారు. సంతలో వ్యాపారి కంటిచూపుతో ధర కట్టే చోట తూకం పెట్టిస్తే రైతుకు న్యాయం జరుగుతుంది. ఇక ఆ మేకలు చావకుండా చూడాలంటే, వాటికి సోకే పారుడు రోగానికి (పీపీఆర్) ఒక్క టీకా సుమారు మూడేళ్లు రక్షణనిస్తుంది.

అపోహ: చచ్చిన పశువు మాంసాన్ని బాగా ఉడికిస్తే ప్రమాదం లేదు.

వాస్తవం: దొమ్మ రోగంతో, అంటే ఆంత్రాక్స్‌తో, చచ్చిన పశువును కోసేటప్పుడే రోగం చేతులకు అంటుకుంటుంది, దాని బీజాలు మామూలు వంట వేడికి చావవు, నేలలో దశాబ్దాలు బతుకుతాయి. హఠాత్తుగా చచ్చిన పశువును కోయకుండా సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. చర్మంపై నల్లటి పెచ్చు కట్టిన పుండు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తొందరగా మందులు వాడితే అది నయమవుతుంది.