టార్గెటెడ్ మాత్రలు, కాళ్ల మీద మచ్చలు: అపోహలు - వాస్తవాలు

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఆసిమెర్టినిబ్ లాంటి టార్గెటెడ్ మాత్రలు (క్యాన్సర్ కణం పెరగడానికి తోడ్పడే ప్రొటీన్‌ను అడ్డుకునేవి) వాడేవాళ్లను చర్మవైద్యురాలిగా చూస్తుంటాను. అరుదుగా కొందరిలో ఈ మందుల వల్ల చిన్న రక్తనాళాలు వాస్తాయి. దీన్నే వాస్కులైటిస్ అంటాం.

అపోహ: ఈ మాత్రలు క్యాన్సర్ కణాన్నే కొడతాయి, ఒంటికేమీ కాదు.

ఇవి అడ్డుకునే ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ మామూలు చర్మంలోనూ ఉంటుంది. కీమో ఇబ్బందులు వేరు, వీటివి వేరు.

అపోహ: దద్దుర్లు వస్తే మందు బాగా పనిచేస్తున్నట్టే.

నాకు ఎక్కువ టెన్షన్ దీనితోనే, ఎందుకంటే ఇందులో సగం నిజముంది. ముఖం, ఛాతీ మీద మొటిమల్లాంటి పొక్కులు వచ్చినవాళ్లలో మందు బాగా పనిచేసినట్టు చాలా అధ్యయనాల్లో కనబడింది. ఆ మాట విన్నవాళ్లు కాళ్ల మీద మచ్చలొచ్చినా మంచిదేలే అని ఇంట్లోనే ఉండిపోతారు. వాస్కులైటిస్ మచ్చలు ఎక్కువగా మోకాళ్ల కింద వస్తాయి, తడిమితే కాస్త ఉబ్బెత్తుగా తగులుతాయి. గాజు గ్లాసుతో అదిమి చూడండి. మామూలు ఎర్రదనం పాలిపోతుంది, ఇవి పాలిపోవు. రక్తం నాళం దాటి చర్మంలోకి వచ్చేసి ఉంటుంది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు, ఊదాగానో నల్లగానో కనబడతాయి. ప్లేట్‌లెట్లు తగ్గినా మచ్చలొస్తాయి, కానీ అవి సాధారణంగా చదునుగా ఉంటాయి. ఏదైనా సరే, రక్తపరీక్ష తప్పదు.

అపోహ: పరీక్ష కోసం మచ్చ నుంచి ముక్క తీస్తే (బయాప్సీ) క్యాన్సర్ పాకుతుంది.

పాకదు. మత్తు సూది ఇచ్చి 3-4 మిల్లీమీటర్ల చర్మం తీస్తాం, అంతే. మచ్చ వచ్చిన ఒకటి రెండు రోజుల్లో తీస్తే జబ్బు స్పష్టంగా తెలుస్తుంది. మెడికల్ షాపు ఆయింట్‌మెంట్ రాసుకుంటూ వారం ఆగితే తేల్చడం కష్టమవుతుంది.

అపోహ: చర్మం మీదే కదా.

కిడ్నీల్లోని నాళాలు వాచినా మొదట్లో ఏ బాధా తెలియదు. అందుకే మూత్రపరీక్ష చేయిస్తాం. మూత్రం ఎర్రగా వచ్చినా, కడుపునొప్పి, నల్లటి విరేచనం, పాదంలో తిమ్మిరి ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: మచ్చ కనబడగానే మాత్ర మానేయాలి, ఇక ఎప్పుడూ ముట్టుకోకూడదు.

సొంతంగా మానొద్దు. ఉన్నట్టుండి ఆపితే కొందరిలో క్యాన్సర్ ఒక్కసారిగా పెరుగుతుంది. అదే రోజు మీ ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టరుకు) ఫోన్ చేయండి. ఇన్‌ఫెక్షన్ వల్లగానీ, కొత్తగా వాడిన యాంటీబయాటిక్ వల్లగానీ ఇలా అయిందేమో కూడా చూడాలి. చర్మం వరకే ఉంటే, కొన్నాళ్లు ఆపి, మచ్చలు తగ్గాక తక్కువ డోసుతోనో వేరే మాత్రతోనో చికిత్స కొనసాగించినవాళ్లు ఉన్నారు.