బంగ్లాదేశ్ మన మీద వేసిన సముద్రం కేసు

ఫిలిప్పీన్స్ బోటు మీద చైనా కోస్ట్ గార్డ్ ఓడ నీళ్ళ ఫిరంగి కొట్టే వీడియో ఒకటి వస్తే చాలు, మా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో అయిదు నిమిషాల్లో తీర్పొచ్చేస్తుంది, పెద్దోడు చిన్నోణ్ణి తొక్కేస్తున్నాడు అని. నిజమే, తొక్కేస్తున్నాడు, నేనేం కాదనను. కాకపోతే మనం రోజూ చూసే ఈ బంగాళాఖాతంలోనే అలాంటి తగువొకటి 1974 నుంచి 2014 దాకా నడిచింది, అందులో చిన్న దేశం బంగ్లాదేశ్, పెద్ద దేశం మనం. లెక్క చూసే పద్ధతిని బట్టి ఓడింది కూడా మనమే. డెల్టాలో పుట్టినోళ్ళకి ఇందులో ఉన్న సైన్సు మిగతావాళ్ళకన్నా తొందరగా ఎక్కుతుందని ఇది రాస్తున్నా.

1970 నవంబర్‌లో భోలా తుఫాను వచ్చి లక్షల మందిని మింగేసింది, అప్పటికి బంగ్లాదేశ్ ఇంకా తూర్పు పాకిస్తానే. ఆ తర్వాత సుందర్బన్స్ కింద, హరియాభంగా నది మొగలో, అంటే నది సముద్రంలో కలిసేచోట, ఓ ఇసుక మేట బయటపడింది. మనోళ్ళు న్యూ మూర్ అన్నారు, వాళ్ళు దక్షిణ తల్పట్టి అన్నారు. మహా అయితే రెండు మీటర్ల ఎత్తు, మనుషుల్లేరు. గోదాట్లో వరద తీసాక కొత్త లంక లేస్తే ఇటు ఊరోళ్ళూ అటు ఊరోళ్ళూ కర్రలు పట్టుకుని దిగడం మనకి తెలిసిందే కదండీ, ఇదీ అంతే, కర్రల బదులు 1981లో నేవీ ఓడలూ గన్ బోట్లూ దిగాయి.

ఆ పిడికెడు ఇసుక కోసం అంత గొడవెందుకంటే, సముద్రం మీద హక్కు నేలనించే వస్తుంది కాబట్టి. పాటు బాగా తీసినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వెనక్కి పోతాయో అక్కణ్ణుంచి కొలత మొదలెడతారు. 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, పూర్తిగా ఆ దేశం సొంతం. 200 నాటికల్ మైళ్ళు, అంటే 370 కిలోమీటర్ల దాకా చేపలూ, గ్యాసూ, అడుగున ఏముంటే అదీ ఆ దేశానికే చెందుతాయి, కానీ పరాయి ఓడలు దాటిపోవచ్చు. గాడిమొగలో ఒడ్డుకెక్కే కేజీ (కృష్ణా గోదావరి) డీ6 గ్యాసుందే, అది ఆ 12 మైళ్ళు దాటినచోట, సముద్రం అడుగున దొరికింది, అది మనదవ్వడానికి కారణం ఈ రెండో లెక్కే. కాబట్టి మొగలో ఓ మేట ఎవరిదన్న దాన్ని బట్టి, అక్కణ్ణుంచి లోపలికెళ్ళేకొద్దీ ఎంత నీళ్ళు ఎవరివన్నది మారిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కొండ రాతి తీరం ఉన్న దేశానికి ఈ కొలత హాయి, రాయి ఎక్కడికీ పోదు. డెల్టా అలా కాదు. గంగా బ్రహ్మపుత్రలు కలిసి ఏడాదికి సుమారు 100 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొస్తాయి, ఒక మొగ పూడుతుంది, ఇంకోటి తెరుచుకుంటుంది, తుఫానొస్తే మొత్తం తారుమారు. మనకిది కొత్తా? కాకినాడ ముందు హోప్ ఐలండ్ రెండు వందల ఏళ్ళ కిందట ఇప్పుడున్నట్టు లేదు, గోదారి ఇసుకని కెరటాలు ఉత్తరానికి నెట్టి నెట్టి పేర్చింది అది. దానికి కాస్త పైన ఉప్పాడని చూస్తే అదే సముద్రం ఇళ్ళూ రోడ్డూ కోసుకుపోతోంది. పైన డ్యాములు కట్టాక ఒండ్రు తగ్గిపోయింది, అది ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేద్దాం.

బంగ్లాదేశ్ 1974లోనే ఓ తెలివైన పని చేసింది. మా ఒడ్డు ఎప్పుడెక్కడుంటుందో మాకే తెలీదు, కాబట్టి ఒడ్డు నుంచి కాదు, నీళ్ళు 60 అడుగుల లోతుకి చేరే చోటు నుంచి కొలుచుకుంటాం అని చట్టం చేసేసింది. అంటే పది బారల లోతు, వల వేసేవాళ్ళు కొలిచే లెక్కే. ఇండియా, బర్మా (ఇప్పటి మయన్మార్) రెండూ ఒప్పుకోలేదు, ఒప్పుకుంటే సముద్రంలోకి చాలా దూరం వాళ్ళ గీత వచ్చేస్తుంది మరి. కానీ ఆ వాదన పూర్తిగా వృథా పోలేదు, 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర ఒడంబడికలో ఏడో అధికరణలో డెల్టాల వల్ల తీరం నిలకడగా లేనిచోట ఏం చెయ్యాలన్న మాట ఒకటి చేరింది. ఒక పేద దేశం తన బురద గురించి మొత్తుకుంటే అంతర్జాతీయ చట్టంలో ఓ వాక్యం పుట్టడం నాకైతే భలే నచ్చుతుంది.

దీనికన్నా పెద్ద ఇబ్బంది జామెట్రీలో ఉంది. పక్కపక్కనున్న రెండు దేశాల మధ్య మామూలుగా సమదూర రేఖ గీస్తారు, ఆ రేఖ మీద ఏ చుక్క తీసుకున్నా రెండు ఒడ్లకీ సమానమైన దూరంలో ఉంటుంది. తీరం తిన్నగా ఉంటే గొడవే లేదు, రేఖ కూడా తిన్నగా సముద్రంలోకి పోతుంది. వంపు తిరిగితే? మ్యాపు తీసి చూడండి, కృష్ణా డెల్టా దివిసీమ దగ్గర ముందుకి పొడుచుకొచ్చింది, గోదారి డెల్టా అంతర్వేది దాటాక ఇంకా ముందుకొచ్చింది, మధ్యలో కృత్తివెన్ను, మొగల్తూరు వైపు తీరం కాస్త లోపలికి పోయింది. సరదాకి దివిసీమ ఓ దేశం, కోనసీమ ఓ దేశం, ఆ మధ్యలోది మూడో దేశం అనుకోండి. రెండు పక్కలా సమదూర రేఖలు గీస్తే అవి తిన్నగా పోకుండా మధ్యవాడి ముందుకి వాలతాయి, కొంత దూరం పోయాక ఒకదాన్నొకటి తగులుకుంటాయి, మధ్యవాడికి మిగిలేది ఓ త్రికోణం ముక్క. వాడికీ ఒడ్డుంది, కానీ 200 మైళ్ళు పోదామంటే దారి లేదు. ఎవరూ మోసం చెయ్యలేదు, స్కేలు పెట్టి న్యాయంగానే గీశారు. బంగ్లాదేశ్‌కి ఇటు ఇండియా, అటు మయన్మార్, సరిగ్గా ఆ మధ్యవాడి పరిస్థితే.

పాతికేళ్ళు పైగా మాట్లాడుకున్నా తెగలేదు. 2008 నవంబర్‌లో మయన్మార్ తరఫున వివాదపు నీళ్ళలో గ్యాసు వెతుకులాట మొదలైతే రెండు నేవీలు ఎదురెదురు నిలబడ్డాయి. 2009 అక్టోబర్ 8న బంగ్లాదేశ్ ఒకే రోజు ఇద్దరు పొరుగువాళ్ళ మీదా కేసు వేసింది. మయన్మార్ కేసు హాంబర్గ్ లోని సముద్ర న్యాయస్థానానికి పోయింది, 2012లో తేలింది. మన కేసుకి అయిదుగురు మధ్యవర్తులు, అందులో ఇండియా తరఫున వేసినాయన పెమ్మరాజు శ్రీనివాసరావు గారు, ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది కదా మనవాళ్ళే అని. 2013 అక్టోబర్‌లో ఈ ట్రిబ్యునల్ స్వయంగా డెల్టాకి వచ్చి చూసింది. ఈలోగా 2010లోనే తల్పట్టి మునిగిపోయిందని జాదవ్‌పూర్ యూనివర్సిటీ సముద్ర శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి చెప్పారు, నేవీలు దిగిన మేటకి ఆ గతి పట్టింది.

బంగ్లాదేశ్ వాదన ఏంటంటే మా ఒడ్డు కదులుతూనే ఉంటుంది, సముద్రం పెరుగుతోంది, కాబట్టి కొలతకి చుక్కలు పెట్టడమే కుదరదు, నేరుగా దక్షిణానికి 180 డిగ్రీల గీత గీసెయ్యండి అని. మనోళ్ళు సమదూర రేఖే గీయాలన్నారు. 2014 జులై 7న తీర్పు. ఒడ్డు కదలొచ్చు గానీ మేం చూడాల్సింది ఈరోజున్న ఒడ్డునే, రేపటి వాతావరణ మార్పుల్ని పట్టుకుని సరిహద్దుల్ని ఊగిసలాడించలేం అంది ట్రిబ్యునల్. తల్పట్టిని కొలతకి వాడుకోనంది. ముందు సమదూర రేఖే గీసింది, అక్కడ మన మాట నెగ్గింది, తర్వాత వంపు వల్ల బంగ్లాదేశ్ నొక్కుకుపోతోందని ఆ రేఖని మన వైపు జరిపి 177 డిగ్రీల 30 నిమిషాల దిక్కులో పంపింది, అంటే వాళ్ళడిగిన దానికి రెండున్నర డిగ్రీలే తేడా. శ్రీనివాసరావు గారు చాలా విషయాల్లో ఒప్పుకున్నా ఈ జరపడం దగ్గర ఒప్పుకోలేదు, విడిగా తన అభిప్రాయం రాశారు.

పేపర్లన్నీ పట్టుకున్న లెక్క ఇదీ, వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కి, అంటే సుమారు 76 శాతం. ఢాకాలో పండగ చేసుకున్నారు. ఈ శాతాల్ని మాత్రం నేను పెద్దగా నమ్మను, ఎందుకంటే వివాద ప్రాంతం అన్నదాన్ని తయారుచేసేదే రెండు దేశాల కోరికలు, ఇంకాస్త ఎక్కువ అడిగుంటే అదే గీతకి అదే దేశం ఇంకా తక్కువ శాతం గెలిచినట్టు కనపడేది. తల్పట్టి ఉండిన చోటు ఏమో మన వైపే వచ్చింది, దాని గురించి బంగ్లాదేశ్‌లో ప్రతిపక్షం చాలా గోల చేసింది.

మళ్ళీ చైనా దగ్గరికొస్తే, ఫిలిప్పీన్స్ కూడా ఇదే ఒడంబడిక కింద 2013లో కేసు వేసి 2016 జులై 12న గెలిచింది, తీర్పిచ్చిన అయిదుగురిలో మెన్సా, కో, వుల్ఫ్రుం ముగ్గురూ మన కేసులో కూర్చున్నవాళ్ళే. చైనా విచారణకే రాలేదు, తీర్పు చెల్లదంది. సరిహద్దు గీతల తగువులు మాకు వర్తించవని 2006లోనే మినహాయింపు రాసిచ్చేసింది కూడా, అందుకే ఫిలిప్పీన్స్ గీత గియ్యమని అడగలేక, ఏది ద్వీపం ఏది రాయి తేల్చమని చుట్టు తిరిగి రావాల్సొచ్చింది. ఆ మినహాయింపు తీసుకునే వీలు మనకీ ఉంది, తీసుకోలేదు. విచారణకి వెళ్ళాం, వాదించాం, తీర్పొచ్చాక సరే అన్నాం. మంచితనం వల్ల ఒప్పుకున్నామని నేననను, 40 ఏళ్ళ తగువు తెగితే రెండు వైపులా గ్యాసు బ్లాకులు వేలం వేసుకోవచ్చు, తూర్పున ఓ స్నేహితుడు మిగులుతాడు, ఆ లెక్కా ఉంటుంది.

తీర్పులో ఓ తమాషా మిగిలిపోయింది. బంగాళాఖాతం అడుగున నదులు తెచ్చిపోసిన ఒండ్రు ప్రపంచంలోకెల్లా పెద్ద మేట, పది కిలోమీటర్ల మందం దాటిన చోట్లున్నాయి. అంత మందం ఉన్నచోట 200 మైళ్ళు దాటినా అడుగు నేల మీద హక్కు అడగొచ్చని ఒడంబడికలో ఉంది. దాంతో బంగ్లాదేశ్ ఒడ్డుకి 200 మైళ్ళు దాటి, మన ఒడ్డుకి 200 మైళ్ళ లోపే, కానీ గీతకి వాళ్ళ వైపునున్న కాస్త ముక్కలో అడుగు నేల వాళ్ళదైంది, పైన నీళ్ళూ చేపలూ మనవయ్యాయి. అక్కడ వాళ్ళు గ్యాసు కోసం రిగ్గు దింపితే దాని కాళ్ళు వాళ్ళ నేలలో, నడుం మన నీళ్ళలో ఉంటుంది. దానికేం ఏర్పాటు చేసుకుంటారో మీరూ మీరూ మాట్లాడుకోండి అని చెప్పి ట్రిబ్యునల్ ఫైలు మూసేసింది.