నోటీసు అంటే అరెస్టు కాదు: కేసుల మాటలపై అపోహలు, వాస్తవాలు

"సార్, మాకు పోలీసుల నుంచి 41ఎ నోటీసు వచ్చింది. అరెస్టు ఎప్పుడు చేస్తారు?" క్రిమినల్ కేసులు చూసే నాలాంటి ప్లీడర్లందరికీ తరచూ వచ్చే ఫోనే ఇది. టీవీ స్క్రోలింగులో నోటీసులు, అదుపులోకి, పరారీ, లుకౌట్ అన్నీ ఒకే ఎర్ర రంగులో పరిగెడుతుంటే దేనికి ఎంత బరువుందో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? తప్పు వాళ్లది కాదు. నష్టపోయేది మాత్రం వాళ్లే.

అపోహ: నోటీసు ఇచ్చారంటే అరెస్టు ఖాయం.

జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. ఇప్పుడే అరెస్టు అవసరం లేదు, పిలిస్తే వస్తే చాలు అనుకున్నప్పుడు పోలీసులు ఇచ్చే కాగితమే ఇది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ఎక్కువగా ఇదే ఇస్తారు. 2024 జులై 1న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) పోయి దాని స్థానంలో కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) వచ్చాక, పాత సెక్షన్ 41ఎ నోటీసే 35(3) నోటీసు అయింది. స్టేషన్లో, కోర్టులో మేమంతా ఇంకా 41ఎ అనే అంటాం, దానికి కంగారు పడకండి.

చెప్పిన రోజు వెళ్లి, షరతులు పాటిస్తున్నంత కాలం మిమ్మల్ని అరెస్టు చేయకూడదు. చేసి తీరాలని అధికారి అనుకుంటే ఎందుకో కారణాలు రాసి పెట్టాలి. 498ఎ (భార్యను భర్త, అత్తింటివాళ్లు వేధించారన్న) కేసు పెట్టారు కదా అని యాంత్రికంగా అరెస్టులు చేయొద్దని, చేస్తే శాఖాపరమైన చర్యతో పాటు కోర్టు ధిక్కారం కూడా ఎదుర్కోవాల్సి ఉంటుందని 2014లోనే అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు పోలీసులకు గట్టిగా చెప్పింది.

ఇక నోటీసుకు వెళ్లకపోతే? అదే సెక్షన్ ప్రకారం అరెస్టుకు దారి తెరుచుకుంటుంది. అంటే, అరెస్టు చేస్తారన్న భయంతో దాక్కున్నవాళ్లే అరెస్టును ఇంటికి పిలుచుకుంటున్నారు.

ఒకావిడ సంగతి చెబుతాను. కొడుకు అమెరికాలో ఉంటాడు, కోడలు కేసు పెట్టింది, ఈవిడ ఏ2, అంటే రెండో ముద్దాయి. ఇంటికి నోటీసు రాబోతోందని తెలియగానే, తీసుకోకపోతే కేసు ముందుకు నడవదని చుట్టాలెవరో చెప్పారట. ఇంటికి తాళం వేసి చెల్లెలి ఊరు వెళ్లిపోయింది. కానిస్టేబుల్ వచ్చి తాళం చూసి, మళ్లీ వచ్చి చూసి, తప్పించుకు తిరుగుతున్నారని రాసుకున్నాడు. చివరికి నా ఆఫీసుకు వచ్చినప్పుడు ఆవిడ చేతిలో గుడ్డ సంచి. అందులో రెండు చీరలు, తువ్వాలు, బీపీ మాత్రల స్ట్రిప్పులు. అటునుంచి అటే జైలుకు పంపిస్తారనుకుని సర్దుకొచ్చింది. ముందస్తు బెయిల్ వేశాం. దొరక్కుండా తిరిగారన్నదే పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారి ప్రధాన అభ్యంతరం. బెయిల్ వచ్చింది, నిజమే. కానీ పిలిచిన రోజు వెళ్లి ఉంటే ఆ పూటతో అయిపోయే పనికి వారాల తరబడి నిద్రలేని రాత్రులు, ఫీజులు.

కాబట్టి నోటీసు వస్తే తీసుకోండి. తేదీ వేసి సంతకం పెట్టండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆ రోజు కుదరకపోతే కారణం రాసి ఇంకో తేదీ అడగండి, అందినట్టు రసీదు తీసుకోండి. స్టేషన్లో అడిగినవాటికి జవాబు చెప్పండి. మీకు వ్యతిరేకంగా మీరే సాక్ష్యం చెప్పుకోవాలని ఎవరూ బలవంతం చేయలేరు, అది రాజ్యాంగం 20(3) అధికరణ ఇచ్చిన హక్కు. తెల్లకాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. "స్టేషన్ బెయిల్ ఇప్పిస్తా, ఇంత అవుతుంది" అంటూ మధ్యలో దూరేవాడిని దగ్గరికి రానివ్వకండి. చట్టం మీకు ఉచితంగా ఇచ్చిన కాగితాన్నే మీకు అమ్ముతున్నాడు వాడు.

అపోహ: వీడియో కాల్‌లోనే పోలీసులు 'డిజిటల్ అరెస్ట్' చేయగలరు.

అలాంటిది చట్టంలో లేదు. అరెస్టు అంటే పోలీసు ఎదురుగా వచ్చి మనిషిని పట్టుకోవడమో, ఆ మనిషే లొంగిపోవడమో. వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, తలుపులు వేసుకోమని, ఎవరికీ చెప్పొద్దని అన్నాడంటే వాడు దొంగ. ఇంతెందుకు, 35 నోటీసునే వాట్సాప్‌లో పంపకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. ఫోన్ పెట్టేయండి. డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బాగా చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు కూడా మోసపోతున్నారు. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మిగతావి గబగబా.

ఏ1 అంటే పెద్ద నేరస్థుడు, ఏ9 అంటే చిన్నవాడు అని కాదు. అవి ముద్దాయిల వరుస నంబర్లు. ఎవరి పాత్ర ఎంతో సాక్ష్యాన్ని బట్టి కోర్టు తేలుస్తుంది.

'అదుపులోకి తీసుకున్నాం, అరెస్టు చూపించలేదు' అన్న మాట నాకు మహా చిరాకు. మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టాక దానికి ఏ పేరు పెట్టినా ఒకటే. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి.

చెక్ బౌన్స్ అయితే పోలీసులు వచ్చి ఎత్తుకుపోరు. అది నేరుగా కోర్టులో వేసే కేసు, బెయిలబుల్ కూడా. వాయిదాలకు డుమ్మా కొడితేనే వారెంట్ వస్తుంది. రికవరీ ఏజెంట్ ఫోన్లో చదివి వినిపించేది వారెంట్ కాదు.

బెయిల్ వచ్చిందంటే గెలిచినట్టు కాదు, ఛార్జిషీట్ పడిందంటే నేరం రుజువైనట్టూ కాదు. రెండూ దారిలో వచ్చే మజిలీలే.

'క్లీన్ చిట్' అనేది పేపర్ల మాట. పోలీసులు సాక్ష్యం లేదని కేసు మూసేస్తూ కోర్టుకు రిపోర్టు ఇస్తారు. దాన్ని కోర్టు ఆమోదించే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు వెళ్లాలి. ఆయన అభ్యంతరం చెబుతూ పిటిషన్ వేయొచ్చు, మెజిస్ట్రేట్ ఆ రిపోర్టును పక్కన పెట్టి మళ్లీ దర్యాప్తు చేయమనొచ్చు. మీరు ఫిర్యాదు చేసిన కేసులో ఇలా మూసేశారని తెలిస్తే, అంతా అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చోకండి. ఆ నోటీసులో ఉన్న తేదీకి కోర్టుకు వెళ్లండి.