ఫోన్లలో పోయే నిమిషాలు

రాత్రి రెండింటికి ఛాతీ పట్టేసినట్టుంటే మన ఇళ్లలో ముందు చేతికొచ్చేది ఈనో పొట్లం. "గ్యాస్ అయ్యుంటుందిలే, కాసేపు అటూ ఇటూ నడువు" అంటారు. నిజంగా గుండెపోటే అయితే అప్పుడు నడవకూడదు. చొక్కా చెమటతో తడిసిపోతున్నా తెల్లారాక చూద్దామంటారు. వాళ్లనీ అనలేం. గ్యాస్ నొప్పి, గుండె నొప్పి కొన్నిసార్లు ఒకేలా ఉంటాయి. తేలాలంటే ఈసీజీ తీయాల్సిందే. అది బాగానే ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి.

గుండె రక్తనాళంలో రక్తం గడ్డకట్టి అది మూసుకుపోతే గుండె కండరం ఒక్కసారే చచ్చిపోదు. లోపలి పొరలో మొదలై, గోడకి చెమ్మ పాకినట్టు బయటికి పాకుతుంది. 1970లలో రీమర్, జెన్నింగ్స్ అనే పరిశోధకులు కుక్కల్లో దీన్ని కొలిచారు. నాళాన్ని 40 నిమిషాలు మూసి వదిలితే, రక్తం అందని కండరంలో సుమారు 38 శాతం పోయింది. 3 గంటలకు 57, 6 గంటలకు 71. మనిషి గుండెకు ఇవే అంకెలు వర్తించవు కానీ, ఎక్కువ నష్టం మొదట్లోనే జరుగుతుందన్నది మాత్రం నిజం.

సరే, ఆసుపత్రికి చేరాం. గుమ్మం దాటాక 90 నిమిషాల్లోపు బెలూన్‌తో నాళం తెరవాలన్నది అమెరికా పెట్టుకున్న లక్ష్యం. అక్కడ 365 ఆసుపత్రులను పరిశీలించి 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. నాకు ఆశ్చర్యం అనిపించింది అందులోనే. ఫోన్లలోనూ బోలెడు నిమిషాలు పోతున్నాయి! ఎమర్జెన్సీ డాక్టర్ ఈసీజీ చూసి కార్డియాలజిస్టుకు ఫోన్ చేస్తాడు, ఆయన సరేనన్నాక టెక్నీషియన్‌కి, నర్సుకి విడివిడిగా మళ్లీ ఫోన్లు. కార్డియాలజిస్టు కోసం ఆగకుండా ఎమర్జెన్సీ డాక్టరే నాళం తెరిచే గదిని, అంటే క్యాథ్ ల్యాబ్‌ని సిద్ధం చేయించిన చోట సుమారు 8 నిమిషాలు కలిసొచ్చాయి. ఒక్క కాల్‌తో టీమ్ మొత్తాన్నీ పిలిచిన చోట దాదాపు 14. కొత్త మెషీన్ ఒక్కటీ కొనలేదు.

మన చిన్న ఊళ్లలో క్యాథ్ ల్యాబే ఉండదు. అక్కడ దారి గడ్డ కరిగించే ఇంజెక్షన్. ఈసీజీని ఫోన్‌లో పెద్దాసుపత్రికి పంపి, నిపుణుడు చూసి చెప్పాక ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో టెనెక్టెప్లేస్ అనే ఈ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇచ్చే పథకం 2023లో మొదలైంది. ఇంజెక్షన్ తర్వాతా క్యాథ్ ల్యాబ్ ఉన్న చోటికి తరలించాల్సిందే.

అందుకే 108 ఎక్కేటప్పుడు నొప్పి ఎన్నింటికి మొదలైందో ఓ కాగితం మీద రాసుకోండి. డాక్టర్ ముందు అడిగేది అదే. 12 గంటలు దాటితే మామూలుగా ఆ ఇంజెక్షన్ ఇవ్వరు.