డీఏపీ ఎక్కువైతే వేరుకేం నష్టం? మైకోరైజాపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒక రైతు బత్తాయి అంటు మొక్కను సంచితో సహా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "సార్, వేర్లకు బూజు పట్టింది. ఏం మందు పొయ్యాలె?" అని అడిగాడు. అప్పటికే దారిలో షాపుకెళ్లి కార్బెండజిమ్ అనే బూజు మందు ప్యాకెట్ కొనేశాడు. సంచి చింపి చూశాను. వేర్ల పక్కన మాగీ మాగని పశువుల ఎరువు ముక్కలు, వాటి మీద సన్నటి తెల్ల దారాలు. వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగాను. కుళ్లిన వేరైతే తొక్క జారి ఊడొచ్చి లోపలి నార మిగులుతుంది. ఇది గట్టిగా ఉంది, వాసన కూడా లేదు.

"ఇది మీరు చెప్పే మైకోరైజానా మరి?" అన్నాడు. అదీ కాదు. మైకోరైజా అంటే వేరులో చేరి మొక్కకు మేలు చేసే శిలీంధ్రం. బత్తాయి, వేప, టేకు వేర్లలో ఉండే మైకోరైజా కంటికి కనిపించదు. వేరును క్షారంలో ఉడికించి, రంగు అద్ది, మైక్రోస్కోప్ కింద పెడితే తప్ప తెలియదు. ఆ తెల్ల దారాలు ఎరువును తిని బతికే మామూలు బూజు. మొక్కకు హాని లేదు. ఆ మందు పోసి ఉంటే బూజుతో పాటు వేరులోని మైకోరైజా కూడా దెబ్బతినేది. ఎకరాకు వందకు పైగా మొక్కలు పెట్టి కాపు కోసం నాలుగైదేళ్లు ఆగాల్సినవాడు, అతని టెన్షన్ నాకు అర్థమవుతుంది. కోపమల్లా "తెల్లగా కనిపిస్తే మందు కొట్టు" అని ఫోన్లో ప్రచారం చేసేవాళ్ల మీదే.

దీనికంటే ఖరీదైన అపోహ ఇంకొకటి ఉంది: మొక్క ఎదగడం లేదా, డీఏపీ వెయ్యి. అయినా ఎదగలేదా, ఇంకొంచెం వెయ్యి.

నత్రజని నీటితో పాటు వేరు దగ్గరికి వస్తుంది. భాస్వరం అలా రాదు. ఎర్ర నేలలో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి, సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో కాల్షియం పట్టేసుకుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని తీసుకున్నాక ఆ చోటు ఖాళీ. ఆపైన ఉన్నదాన్ని తెచ్చిచ్చేది మైకోరైజా పోగులే. వేరు మీది వెంట్రుకల్లాంటి నూగు కంటే సన్నగా ఉండి, వేరు చొరబడలేని సందుల్లోంచి కొన్ని సెంటీమీటర్ల దూరం పోతాయి. బదులుగా మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత వాటికి కూలిగా ఇస్తుంది. మీరు సంచిలో డీఏపీ గుళికలు పోశారనుకోండి, ఎరువు బస్తా మీద రాసే P2O5 లెక్కలో అందులో 46 శాతం భాస్వరమే. గాదె నిండా ధాన్యం ఉన్నవాడు పాలేరును పెట్టుకోడు. మొక్క కూడా శిలీంధ్రాన్ని వేరులోకి పెద్దగా రానివ్వదు. పైగా భాస్వరం మితిమీరితే జింకు లోపం వస్తుంది, ఎందుకంటే జింకును తెచ్చేదాంట్లోనూ ఈ పోగులకు వాటా ఉంది. ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపెక్కుతాయి. అది చూసి రైతు మళ్లీ డీఏపీ వేస్తాడు!

ఇది ఎవరికో జరిగిన కథ కాదు. పనిలో చేరిన కొత్తలో నారుకుళ్లు భయంతో జంబేరి (బత్తాయి అంటుకు వేరుమొక్కగా వాడే నిమ్మజాతి) నారుమడిని ఫార్మాలిన్‌తో తడిపి షీటు కప్పాను. నారు కుళ్లలేదు, నిజమే. కానీ రెండు నెలలకు అక్కడే ఆగిపోయింది. బెత్తెడు ఎత్తు, పసుపు ఆకులు. డీఏపీ నీళ్లు పోశాను, జింకు కొట్టాను. ఏం లాభం లేదు. మడిలో గట్టు వైపు జానెడు వెడల్పున మాత్రం మొక్కలు ముదురు పచ్చగా, మోకాలెత్తున ఉన్నాయి. కలుపు తీసే ఒక పెద్దమ్మ అది చూపించి, "సారూ, గట్టు మన్ను కొట్టుకొచ్చిన కాడ మంచిగున్నయి సూడుండ్రి" అంది. నేను చదివిన చదువుకు ఆ గీత కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్న పాత నిమ్మచెట్టు కింది మట్టి రెండు తట్టలు తెచ్చి, మొదళ్ల దగ్గర వేర్లకు తగిలేలా వేశాం. నెలన్నర దాటాక కొత్త చిగుళ్లు మొదలయ్యాయి. తర్వాత తెలిసింది, అమెరికాలో నిమ్మజాతి నర్సరీలు పొగమందుతో మట్టిని శుద్ధి చేసి ఇదే దెబ్బ తిన్నాయని, కారణం మైకోరైజా చచ్చిపోవడమేనని 1972లోనే రాశారని. నిమ్మజాతి వేర్లకు నూగు తక్కువ, అందుకే వీటికి ఈ లోటు త్వరగా తెలుస్తుంది. (తెగులున్న చెట్టు కింది మట్టి మాత్రం తేవద్దు, నులిపురుగులు కూడా వస్తాయి.)

భాస్వరం అసలొద్దని అనడం లేదు. మట్టి పరీక్ష చేయించండి. తక్కువుంటే సంచి మట్టిలో కొద్దిగా సూపర్ ఫాస్ఫేట్ కలపండి. కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోవద్దు. సంచి చింపి పీచువేర్లు ఎన్నున్నాయో చూడండి. డీఏపీతో పెంచిన మొక్క పైకి ఏపుగా ఉంటుంది, కింద వేరు తక్కువ. మొదటి ఎండాకాలానికే వడిలిపోతుంది.

వామ్ (VAM) పేరుతో అమ్మే మైకోరైజా ప్యాకెట్ల గురించి ఒక్క మాట. బెల్లం నీళ్లలో, ఎరువులో నానబెడితే వామ్ పెరగదు. అలా పెరిగేది ట్రైకోడెర్మా అనే వేరే శిలీంధ్రం. వామ్‌కు బతికున్న వేరు కావాలి, అందుకే దాన్ని జొన్న, మొక్కజొన్న వేర్ల మీద పెంచుతారు. విత్తనం కింద, లేదా నాటేటప్పుడు వేరుకు తగిలేలా వెయ్యాలి. పైన చల్లి నీళ్లు పెడితే దండగ. అదే రోజు డీఏపీ కూడా వేస్తే రెండు ఖర్చులూ దండగే.

కానుగ వేర్ల మీద బుడిపెలుంటే రోగం అనుకుని పీకేయొద్దు. గోటితో గిల్లితే ఊడొచ్చి, లోపల గులాబీ రంగుంటే అవి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బుడిపెలు. వేరు తానే ఉబ్బిపోయి, గిల్లినా ఊడకపోతే నులిపురుగు.

"చెట్లు భూమిలోపల మాట్లాడుకుంటాయి" అనే వాట్సాప్ వీడియో నాకు పంపకండి. పోగుల ద్వారా కార్బన్ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు చేరిందన్నది 1997 నాటి కెనడా ప్రయోగం. దాని మీద అడవుల గురించి కట్టిన కథలకు తగిన ఆధారాలు లేవని 2023లో అదే రంగంవాళ్లు రాశారు.

ఇక శ్రీగంధం. నారు సంచిలో పక్కన పెరిగే పొన్నగంటిని కలుపనుకుని పీకేస్తున్నారు. శ్రీగంధం వేరు పక్క మొక్క వేరుకు అతుక్కుని నీళ్లు, పోషకాలు లాక్కుంటుంది, ఆ పొన్నగంటిని నర్సరీవాళ్లు అందుకే పెట్టారు. దాన్ని పీకేసి, మొక్క పచ్చబడటం లేదని డీఏపీ వేసినవాళ్లు ఈ నెలలోనే ముగ్గురు వచ్చారు.