సభ ఎదురు తిరిగే క్షణం

1907 ఏప్రిల్‌లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఇంగ్లీషులో ప్రసంగిస్తుంటే, ఆ మాటలను తెలుగు చేసి సభకు వినిపించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆ సందర్భంలో ఆయన చెప్పిన పద్యంలో భారతదేశం పాడియావు, ప్రజలు ఏడ్చే లేగదూడలు, దూడల మూతులు బిగించి పాలన్నీ పితుక్కునేవారు తెల్లదొరలు. దేశసంపద ఇంగ్లండుకు తరలిపోతున్న తీరును దాదాభాయి నౌరోజీ ఏళ్ల తరబడి అంకెలతో నిరూపించారు. ఆ వాదమంతా గోదావరి డెల్టాలోని ఏ పాడిరైతుకైనా నాలుగు పాదాల్లో బోధపడింది. శ్రమ లేకుండా గ్రహించగలిగిన మాటను నిజమని నమ్మడానికి మనసు మొగ్గు చూపుతుందని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. మళ్లీ మళ్లీ విన్న వాక్యాలను, అవి తప్పైనా సరే, జనం ఎక్కువగా నమ్ముతారని 1977లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం చూపింది. పద్యం నోటికి వస్తుంది కనుక, సభ ముగిసిన తర్వాత కూడా అది ఊరూరా వినబడుతూనే ఉంటుంది.

అయితే ఆ ప్రసంగాలే జనంలో అసంతృప్తిని కొత్తగా పుట్టించాయనుకోవడం సరికాదు. పరాయి ప్రభుత్వానికి శిస్తు కట్టే రైతుకు కోపం ముందే ఉంది. పక్కవాడికీ అంతే కోపం ఉందన్న సంగతి మాత్రం అతనికి రూఢిగా తెలియదు. సభ ఆ సంగతిని అందరి ఎదుటా బయటపెట్టింది. నాయకుడిపై జనాన్ని కదిలించే వాక్కుకు అసలు బలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

1978లో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ దీన్ని ఒక గణిత నమూనాగా రూపొందించారు. దాన్ని మన శివారు ఆయకట్టులోని, అంటే కాలువ చిట్టచివర నీరందే భూముల్లోని, ఒక నీటి సంఘం సమావేశానికి అన్వయించి చూద్దాం. దాళ్వాలో, అంటే రెండో పంటకాలంలో, వంతు నీరు అందక చేలు బీటలు వారాయి. అధ్యక్షుడు ఎగువ రైతుల పక్షం వహించాడన్న అనుమానం సభకు వచ్చిన 100 మందిలోనూ ఉంది. వారిలో ఒకరు ఎవరి తోడూ లేకుండా లేచి నిలదీయగలరు, రెండోవారు లేవాలంటే ముందు ఒకరు లేచి ఉండాలి, మూడోవారికి ఇద్దరు కావాలి, ఇలా నూరోవారికి 99 మంది కావాలి. అప్పుడు మొదటి మనిషి లేచిన కాసేపటికే సభంతా లేస్తుంది. ఇప్పుడు రెండోవారికి కూడా ముందు ఇద్దరు కావాలనుకుందాం. మొదటి మనిషి ఒంటరిగా అరిచి కూర్చుంటాడు, మిగిలిన 99 మందీ కదలరు. రెండు సభల్లోనూ కోపం ఇంచుమించు ఒకటే, ఫలితానికి మాత్రం పోలికే లేదు. కనుక వక్త అందరి మనసులనూ మార్చనక్కర్లేదు, తొలుత లేవగలిగిన కొద్దిమంది జంకును కాస్త తగ్గిస్తే చాలు.

చప్పట్లు ఆ పని చేస్తాయి. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక మనిషి చప్పట్లు మొదలుపెట్టడం పక్కవారిని చూసి కాదు, గదిలో మొత్తం ఎంతమంది అప్పటికే కొడుతున్నారన్నదాన్ని బట్టి జరుగుతుంది. ఒక్కోసారి వక్త కూడా అక్కర్లేదు. 1989 డిసెంబరు 21న రుమేనియా పాలకుడు చౌషెస్కు తన బలం చాటుకోవడానికి తానే బుకారెస్ట్‌లో సభ పెట్టించాడు. జనంలోంచి కేకలు లేవడం, ఆయన తడబడి ఆగిపోవడం టెలివిజన్‌లో దేశమంతా చూసింది. మరునాడే ఆయన హెలికాప్టరులో పారిపోయాడు; 25వ తేదీన కాల్చి చంపారు.

ఈ శక్తి న్యాయం వైపే పనిచేస్తుందన్న హామీ ఏమీ లేదు. క్రీ.పూ. 44లో హత్యకు గురైన రోమ్ పాలకుడు సీజరు అంత్యక్రియల వేళ ఆయన అనుచరుడు ఆంటొనీ, సీజరుకు సెనేట్ ప్రకటించిన గౌరవాలను, ఆయనను కాపాడతామని సభ్యులందరూ చేసిన ప్రమాణాన్ని చదివించి తాను కొద్ది మాటలే చేర్చాడని ప్రాచీన చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు. రక్తసిక్తమైన వస్త్రాన్ని ఎత్తి చూపాడని మరో ప్రాచీన రచయిత ప్లూటార్క్ రాశాడు. ప్రమాణం తప్పింది ఎవరన్నది శ్రోతలే తేల్చుకున్నారు. ఇతరులు చెప్పిన నిర్ధారణ కంటే తాము చేరుకున్న నిర్ధారణనే మనుషులు గట్టిగా పట్టుకుంటారు. ఆ గుంపు హత్యకు కుట్ర పన్నిన బ్రూటస్, కాసియస్‌ల ఇళ్ల మీదికి వెళ్లింది. కుట్రను సమర్థించిన సిన్నా అనుకుని అదే పేరున్న వేరొకరిని చంపేసింది. ఆగి పేరు సరిచూసుకోవలసిన సమయంలో ఎవరూ ఆగలేదు.

అలా ఆపగలిగేది ఏమిటో 1950లలో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ ప్రయోగాలు కొంత చూపాయి. గీతల పొడవును పోల్చమన్నప్పుడు, గదిలోని మిగతావారంతా ముందే కూడబలుక్కుని తప్పు చెబితే, అసలు పరీక్షకు కూర్చున్నవారి జవాబుల్లో సుమారు మూడోవంతు ఆ తప్పు వైపే మొగ్గాయి. కానీ ఒక్క మనిషి మిగతావారితో విభేదించగానే ఆ లొంగుబాటు బాగా పడిపోయింది. ఆ ఒక్కరు చెప్పిన జవాబు కూడా తప్పే అయినప్పుడు సైతం తగ్గింది. అందుకే నీటి సంఘం సభంతా అరుస్తున్నప్పుడు, లాకు దగ్గర రోజూ నీటిమట్టం రాసే పుస్తకాన్ని తెప్పించి చదవమని ఒక్క శివారు రైతు అడిగినా, అధ్యక్షుడి పక్షపాతం ఎంతో, కాలువకే నీరు తగ్గింది ఎంతో తేలేవరకు మిగతావారికి ఆగే వీలు దొరుకుతుంది.